లావెండర్: టీలోకి ఏది, బీరువాలోకి ఏది?

"నిద్ర పడుతుందని లావెండర్ టీ పెట్టుకుంటే చేదుగా, సబ్బు నీళ్లలా ఉందేంటండీ?" ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి ఒకేచోట జవాబు రాస్తున్నాను. చాలామంది విషయంలో టీ పెట్టడంలో లోపమేం లేదు. కొన్న పువ్వే వేరు.

లావెండర్ పేరుతో బజార్లో దొరికేవి ముఖ్యంగా రెండు. ఒకటి అసలు లావెండర్, అంటే లావండులా అంగుస్టిఫోలియా. రెండోది లావండిన్. అంగుస్టిఫోలియాకీ, దానికంటే పల్లపు నేలల్లో పెరిగే స్పైక్ లావెండర్‌కీ పుట్టిన సంకరం ఇది. విత్తనం కట్టదు, కొమ్మలు నాటే పెంచుతారు. ఫ్రాన్స్‌లోని వాలాన్సోల్ పీఠభూమి ఫొటోల్లో మనం చూసే ఊదారంగు సాళ్లు చాలావరకు లావండిన్‌వే. ఎకరాకు దిగే నూనె అసలు లావెండర్ కంటే కొన్ని రెట్లు ఎక్కువ కాబట్టి చౌక. సబ్బుల్లో, బట్టలుతికే పొడుల్లో ఎక్కువగా వాడేది దీన్నే. మీ టీకి సబ్బు వాసన ఎక్కడినుంచి వచ్చిందో అర్థమయ్యే ఉంటుంది.

కొనేటప్పుడు రంగు చూస్తారు, ధర చూస్తారు, ఏ దేశానిదో చూస్తారు. నా మటుకు నాకు తేల్చేది కర్పూరం. అంగుస్టిఫోలియా నూనెలో కర్పూరం సాధారణంగా 1 శాతం లోపే. లావండిన్‌లో ఎక్కువగా సాగయ్యే గ్రోసో రకంలో 6 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. చక్కెర పొంగలిలో పచ్చకర్పూరం చిటికెడు పడితే ప్రసాదం, అర చెంచా పడితే నోట పెట్టలేం. లావండిన్ టీ సంగతీ అంతే. తియ్యటి పూల వాసనకు కారణమైన లినలూల్, లినలైల్ ఎసిటేట్ రెండింటిలోనూ దండిగానే ఉంటాయి. కాకపోతే లావండిన్‌లో కర్పూరం వాటిని తొక్కేస్తుంది.

అందుకని నోట్లోకి వెళ్లేదైతే అంగుస్టిఫోలియాయే, బేరం లేదు. హిడ్‌కోట్, మన్‌స్టెడ్ లాంటి రకాలు ఈ జాతివే. కప్పుకి అర చెంచా ఎండు మొగ్గలు చాలు. నీళ్లు తెర్లాక దించి, మొగ్గలు వేసి, మూత పెట్టి, నాలుగైదు నిమిషాల్లో వడకట్టెయ్యాలి. పొయ్యి మీద మరిగిస్తే ఇదీ చేదెక్కుతుంది. పాయసంలో వెయ్యాలనుకుంటే వేడి పాలలో కాసేపు నాననిచ్చి తీసెయ్యండి, మొగ్గలు పంటికింద పడకూడదు. యాలకులు మాత్రం ఆ రోజుకి మానెయ్యండి, రెండూ కలిస్తే ఏదీ తెలియదు.

గుర్తుపట్టడం కష్టం కాదు. ప్యాకెట్ మీద అంగుస్టిఫోలియా అన్న మాట లేకుండా ఉత్త 'లావెండర్' అని ఉంటే అనుమానించండి. చెట్టు మీదైతే లావండిన్ కాడ పొడవు, ప్రధాన కంకి కింద పక్క కొమ్మలు వేసి వాటికీ చిన్న కంకులుంటాయి. అసలుదాని కాడ పొట్టి, సాధారణంగా ఒంటి కంకే. ఎండు మొగ్గలైతే కాసిని అరచేతిలో నలపండి. ముందుగా జలుబు బామ్ వాసన ముక్కుకి కొట్టిందంటే లావండినే.

ఇక బీరువా. ఇక్కడ లావండిన్‌దే పైచేయి, ఆ కర్పూరం వల్లే. ఘాటు ఎక్కువ, ఎక్కువ కాలం నిలుస్తుంది, పైగా చౌక. నూలు సంచిలో పోసి పట్టుచీరల మధ్య పెట్టండి, జరీకి నేరుగా తగలకుండా. వాసన తగ్గినప్పుడు సంచిని పైనుంచే నలిపితే మళ్లీ వస్తుంది. పురుగుల్ని చంపదు, దూరంగా ఉంచుతుందంతే. నేల తుడిచే నీళ్లలోకి కూడా లావండిన్ నూనె చాలు, అంగుస్టిఫోలియా దండగ.

దిండు కిందికి, ఒంటికి మాత్రం నేను అసలుదాన్నే వాడతాను. చెంచా కొబ్బరినూనెలో రెండు చుక్కలు మించక్కర్లేదు. లావెండర్ నూనె ఏ రకందైనా తాగకూడదు. పసిపిల్లలున్న ఇంట్లో లావండిన్, స్పైక్ నూనెలు అందకుండా ఉంచండి, కర్పూరం కడుపులోకి పోతే పిల్లలకు ఫిట్స్ వస్తాయి.

అసలు సరుకు కోసం ఫ్రాన్స్ దాకా పోనక్కర్లేదు. జమ్మూలోని భద్రవాహ్ కొండల్లో మొక్కజొన్న వేసుకునే రైతులు కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ సుగంధ పంటల కోసం పెట్టిన అరోమా మిషన్ చేయూతతో లావెండర్‌కి మళ్లారు. 2022లో అక్కడ మొదటి లావెండర్ పండుగ కూడా జరిగింది. నాకైతే ముందు ఆ పువ్వే వెతకాలనిపిస్తుంది.

మిగిలినవి రెండు ముక్కల్లో. స్పైక్‌లో కర్పూరం ఇంకా ఎక్కువ, వంటింటికి పనికిరాదు. కంకి కొసన కుందేలు చెవుల్లాంటి రేకులుండే స్టోకాస్ అనే లావెండర్ జాతి యునానీ వాళ్ల ఉస్తుఖుద్దూస్. హైదరాబాద్ యునానీ కొట్లలో దొరుకుతుంది, హకీం చెప్పిన మోతాదులో వాడాల్సిందే గానీ టీ కాచుకునేది కాదు.

కుండీలో పెంచుదామనుకునేవాళ్లకు ఒక మాట. అంగుస్టిఫోలియాకి చల్లటి, పొడి కొండగాలి కావాలి. విజయవాడ ఉక్కకి, వానలకి వేరు కుళ్లిపోతుంది. రంపపు పళ్ల ఆకులుండే డెంటాటా అనే లావెండర్ జాతి కొంత తట్టుకుంటుంది, అందానికి, వాసనకి పెట్టుకోండి. టీకి మాత్రం ఎండు మొగ్గలు కొనుక్కోవడమే.