మొదటి ఫ్లాష్: టీటీఎల్లా, మాన్యువలా?

టీటీఎల్ (త్రూ ద లెన్స్) ఫ్లాష్ ఫొటోకు ముందు రెప్పపాటులో చిన్న మెరుపు వదులుతుంది. లెన్స్‌లోంచి వచ్చిన ఆ వెలుగును కొలిచి, పవర్ ఎంతో కెమెరానే తేల్చేస్తుంది. మనిషి దగ్గరికొచ్చినా, దూరం జరిగినా టెన్షన్ ఉండదు. కాకపోతే ఫ్రేమ్ నిండా తెల్ల చొక్కా ఉంటే మోసపోయి, ముఖాన్ని చీకటి చేస్తుంది.

మాన్యువల్‌లో 1/1, 1/2, 1/4 అంటూ పవర్ మనమే మార్చుకోవాలి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందన్న సంగతి నాలుగు ఫొటోలు పాడయ్యాక బాగా ఒంటబడుతుంది! ధర తక్కువ. కదలని వస్తువులకైతే ఇదే హాయి.

నన్నడిగితే టీటీఎల్‌కే ఓటు. దాదాపు అన్నిటిలో మాన్యువల్ మోడ్ కూడా ఉంటుంది. మీ కెమెరా బ్రాండ్‌కు సరిపోయేదేనా అని మాత్రం చూసుకోండి. ఏది కొన్నా దాని తల పైకి తిరగాలి. సీలింగ్‌కు కొట్టి దించిన మెత్తటి వెలుగు ముందు, నేరుగా ముఖాన కొట్టింది వెలవెలబోతుంది.