చేనేత చీర అమ్మడానికి వాట్సాపా, రీల్సా, పెద్ద యాపా? ఏది మేలు?

మంగళగిరిలో మా వదినకు చిన్న చీరల వ్యాపారం ఉంది. షాపు లేదు. ఇంటి ముందు గదిలో రెండు బీరువాలు, చేతిలో ఒక ఫోను, అంతే. తెలిసిన నేతగాళ్ల దగ్గర కొని అమ్ముతుంది. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, పెద్ద షాపింగ్ యాప్ మూడూ వాడి చూసింది. ఆమె లెక్కలు రాసేది నేనే కాబట్టి ఎందులో ఎంత మిగిలిందో, ఎందులో ఎంత టెన్షన్ పడిందో దగ్గర నుంచి చూశాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కడ అమ్మితే మంచిదని అడుగుతుంటారు. వాళ్ల కోసం ఇది.

ముందు సరుకు గురించి చెప్పాలి. గుంట మగ్గం మీద ఒక పడుగుకు (నేయడానికి నిలువుగా కట్టే దారాలు) కొన్ని చీరలే దిగుతాయి. అదే రంగు, అదే అంచు మళ్లీ కావాలంటే ఇంకో పడుగు వేయాలి. అప్పుడైనా అద్దకంలో రంగు కాస్త తేడా వస్తుంది. అంటే మన దగ్గర ఉన్నవన్నీ దాదాపు సింగిల్స్, అయిపోతే మళ్లీ అదే దొరకని చీరలు. ఏ దారి మేలో తేల్చేది ముఖ్యంగా ఇదే.

పెద్ద యాప్‌లతో మొదలుపెడదాం. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషోల్లో కొనేవాళ్లు ముందే ఉన్నారు, మనం వెతుక్కోనక్కర్లేదు. పార్సిల్ ఇంటికొచ్చి తీసుకెళ్తారు, డబ్బు బ్యాంకులో పడుతుంది. మీషో 2021 నుంచి కమీషన్ తీసుకోవడం లేదు కూడా. ఇంత సౌకర్యం ఉన్నా, సింగిల్ చీరకు అక్కడ చాకిరీ ఎక్కువ. ఒక చీరకు ఫొటోలు తీసి, వివరాలన్నీ నింపి లిస్టింగ్ పెడతాం. అది అమ్ముడుపోగానే ఆ పనంతా అయిపోయినట్టే, తర్వాతి చీరకు మళ్లీ మొదటి నుంచి. పైగా మన నిజాం అంచు (మంగళగిరి చీరలకు పేరుతెచ్చిన జరీ అంచు) చీర పక్కనే పవర్‌లూమ్ చీర సగం ధరకు కనిపిస్తుంది. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి. చేత్తో ముట్టుకుంటే తెలిసే తేడాను తెర మీద చూపించడం కష్టం.

అన్నిటికన్నా ఏడిపించింది రిటర్నులు. ఒకసారి మేం పంపిన చీర బదులు పాత చీర మడతపెట్టి వెనక్కి పంపారు. ఫిర్యాదు చేస్తే వారం తిప్పి, ఆధారం చాలలేదన్నారు. క్యాష్ ఆన్ డెలివరీలో అయితే తలుపు దగ్గరే వద్దనేవాళ్లుంటారు. యాప్‌వాళ్లు దాన్నే ఆర్టీఓ (రిటర్న్ టు ఆరిజిన్) అంటారు: సరుకు వెనక్కి వస్తుంది, అన్ని రోజులూ అది అమ్మకానికి లేనట్టే. మీ దగ్గర ఉన్నదే ఒక్క చీర అయితే ఆ పది పన్నెండు రోజులు చిన్న నష్టం కాదు.

జీఎస్టీ సంగతి కూడా చూసుకోండి. ఇలాంటి యాప్‌లలో అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ ఉండాలనేది పాత నియమం. 2023 అక్టోబర్ 1 నుంచి సొంత రాష్ట్రంలోనే అమ్మే చిన్నవాళ్లకు సడలింపు ఇచ్చారు. దానికి ఏడాది టర్నోవర్ పరిమితి వస్తువులకు ఆంధ్రలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. అయినా జీఎస్టీ పోర్టల్లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకోవాలి. మొదలుపెట్టే ముందే ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడుకోండి.

ఇక రీల్స్, యూట్యూబ్. మనల్ని అసలు ఎరగనివాళ్లకు మన చీర కనిపించేది ఇక్కడే. మా వదిన మొదట్లో ట్యూబ్‌లైట్ కింద తీసేది, రంగు తప్పుగా పడేది, తర్వాత గొడవలు. ఇప్పుడు పొద్దున ఎండ నేరుగా పడని వరండాలో తీస్తుంది. పల్లు, అంచు, చీర వెనకవైపు, బ్లౌజు ముక్క అన్నీ చూపిస్తూ తెలుగులోనే చెబుతుంది. ధర కూడా చెప్పేస్తుంది. చాలామంది ధర దాచి 'ఇన్‌బాక్స్ చేయండి' అంటారు. అది నాకు నచ్చదు. ధర అడగడానికి మొహమాటపడే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు అడక్కుండానే వెళ్లిపోతారు.

రీల్స్‌తో చిక్కు ఏమిటంటే, ఒకటి లక్షమంది చూస్తారు, తర్వాతిది వందమంది కూడా చూడరు. ఎందుకో మనకు తెలియదు. నెల సంపాదన దాని మీదే పెట్టుకుంటే నిద్ర పట్టదు. పైగా చూసేవాళ్లంతా కొనేవాళ్లు కారు. రీల్ చూసి మెచ్చుకున్నావిడ నంబరు మన ఫోన్లోకి రాకపోతే, ఆవిడ మళ్లీ మనకు దొరకదు.

ఆ నంబరు చేరాల్సిన చోటు వాట్సాప్ బిజినెస్. ఇది 2018లో వచ్చిన ఉచిత యాప్. కేటలాగ్‌లో చీర పెట్టొచ్చు, అమ్ముడుపోగానే తీసేయొచ్చు. సింగిల్స్‌కు ఇంతకన్నా తేలిక పద్ధతి నేను చూడలేదు. కొనేవాళ్లు 'పల్లు ఇంకోసారి చూపించమ్మా' అంటే వీడియో కాల్‌లో చూపించొచ్చు. రెండువేల చీర ఎదురుగా చూడకుండా కొనేవాళ్లకు ఆ రెండు నిమిషాల మాట చాలా ధైర్యమిస్తుంది.

ఇందులోనూ తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందినే పెట్టగలం, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. అందుకే పార్సిల్లో పెట్టే చీటీ మీద 'ఈ నంబరు సేవ్ చేసుకోండి' అని రాస్తాం. గ్రూపు పెట్టి మేం దెబ్బతిన్నాం. సభ్యులందరికీ అందరి నంబర్లూ కనిపిస్తాయి. వేరే అమ్మకందారు ఒకరు మామూలు కస్టమర్‌లా చేరి, మావాళ్లకు విడివిడిగా మెసేజ్‌లు పెట్టడం మొదలుపెట్టారు. గ్రూపు బదులు ఛానల్ పెట్టుకుంటే ఆ బాధ ఉండదు, అందులో ఒకరి నంబరు మరొకరికి కనిపించదు.

డబ్బు యూపీఐలో. 2020 జనవరి నుంచి దీని మీద వ్యాపారుల దగ్గర ఎండీఆర్ (ప్రతి చెల్లింపులో బ్యాంకులు కోసుకునే రుసుము) తీసుకోవడం లేదు, కాబట్టి కమీషన్ కింద పోయేదేమీ లేదు. కానీ స్క్రీన్‌షాట్ చూసి చీర పంపకండి. దొంగ స్క్రీన్‌షాట్లు తయారుచేస్తున్నారు. బ్యాంకు ఖాతాలో జమ పడిందో లేదో చూశాకే పార్సిల్ కట్టండి. అలాగే రిటర్న్ కావాలంటే పార్సిల్ విప్పుతున్న వీడియో ఉండాలని ముందే చెప్పండి. ఒకరిద్దరు నొచ్చుకుంటారు. తర్వాత గొడవపడడం కన్నా అది నయం.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు పంపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అక్కడ సుంకం ఉండేది కాదు, ఆ మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. సుంకం ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోండి.

సొంత వెబ్‌సైట్ మొదట్లో అక్కర్లేదు. అక్కడికి దానంతట అది ఎవరూ రారు, రప్పించడానికి మళ్లీ రీల్సే కావాలి. షాపున్నవాళ్లు మాత్రం గూగుల్ మ్యాప్స్‌లో ఈరోజే పేరు పెట్టించుకోండి. పానకాల స్వామి దర్శనానికి వచ్చి, చీరలు ఎక్కడ దొరుకుతాయా అని ఫోన్లో వెతికేవాళ్లు ఎంతమందో! దానికి పైసా ఖర్చు లేదు.

నన్నడిగితే చీరలకు వాట్సాపే మేలు. రీల్స్ కొత్తవాళ్లను అక్కడికి తీసుకురావడానికే. పెద్ద యాప్‌ను నేను పూర్తిగా వద్దనను. ఒకే రంగులో పదేపదే తెప్పించగలిగే ప్లెయిన్ డ్రెస్ మెటీరియల్, దుపట్టాలు, తానుల్లోంచి కోసి అమ్మే గుడ్డ అక్కడ బాగానే పోతాయి. ఒక లిస్టింగ్ నెలల తరబడి పనిచేస్తుంది, ఒకటి వెనక్కి వచ్చినా ఇంకోటి పంపడానికి ఉంటుంది. వదిన ఇప్పుడు యాప్‌లో అవే పెడుతోంది.

చీరలకు ఆమె వాట్సాప్‌లో లేబుల్స్ పెట్టుకుంది: 'నిజాం అంచు', 'పెద్ద అంచు', 'రెండువేల లోపు', 'పెళ్లి వాళ్లు'. ఎవరు ఏది అడిగి, దొరక్క ఆగిపోయారో వాళ్లను ఆ లేబుల్ కింద వేస్తుంది. పోయిన వారం చిలకపచ్చకు ముదురు ఎరుపు పెద్ద అంచుతో కొత్త పడుగు దిగింది. రీల్ తీయకముందే 'పెద్ద అంచు' లేబుల్‌లో ఉన్న తొమ్మిది మందికి ఫొటోలు పంపింది. సాయంత్రానికి రీల్ తీయడానికి ఒక్క చీరే మిగిలింది.