డంక్‌లో మొనగాడెవరు: జోర్డానా, డొమినిక్కా, విన్స్ కార్టరా?

బాస్కెట్‌బాల్ రింగు నేల నుంచి పది అడుగుల ఎత్తులో ఉంటుంది. మన హైస్కూలు గ్రౌండులో తుప్పు పట్టి వేలాడేదీ అంతే, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో మెరిసిపోయేదీ అంతే. ఎగిరి, బంతిని పైనుంచి చేత్తో ఆ రింగులోకి కొడితే డంక్. ఎంత అందంగా కొట్టినా వచ్చేవి రెండు పాయింట్లే. అయినా ఇందులో ఎవరు గొప్ప అన్న గొడవ మాత్రం నలభై ఏళ్లుగా తెగడం లేదు.

ముందు కొందరిని పక్కన పెడదాం. డారిల్ డాకిన్స్ 1979లో మూడు వారాల తేడాలో డంక్ కొట్టి రింగు వెనకుండే అద్దపు బోర్డులు రెండు పగలగొట్టాడు. బలంలో ఆయనకు సాటి లేదు గానీ వైవిధ్యం తక్కువ. మాక్ మెక్‌లంగ్ 2023, 2024, 2025లో వరసగా మూడుసార్లు, ఎన్‌బీఏ ఆల్‌స్టార్ వేడుకలో జడ్జీలు మార్కులు వేసే డంక్ పోటీ గెలిచాడు. కాకపోతే అప్పటికి ఆయన ఆడిన ఎన్‌బీఏ మ్యాచ్‌లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జాక్ లవీన్ 2016లో టొరంటోలో ఫ్రీ త్రో లైన్, అంటే ఫౌల్ పడినప్పుడు నిలబడి బంతి విసిరే గీత దగ్గర్నుంచి ఎగిరి, గాల్లోనే బంతిని కాళ్ల మధ్య నుంచి మార్చి కొట్టాడు. విద్య పరంగా చూస్తే పాతవాళ్లెవరూ దాని దరిదాపులకు రారు. కానీ ఎదురుగా అడ్డుకునేవాడు లేని చోట చేసే విన్యాసం ఒకటి, మ్యాచ్‌లో ఏడడుగుల మనిషి చెయ్యెత్తి నిలబడితే వాడి మీదుగా కొట్టడం ఇంకొకటి. నా లెక్కలో రెండూ చేసినవాడే పోటీలో ఉంటాడు. అలా చూస్తే మిగిలేది ముగ్గురు.

మైకేల్ జోర్డాన్ పేరు చెప్పగానే అందరికీ 1988 ఫొటోనే గుర్తొస్తుంది. ఫ్రీ త్రో లైన్ దగ్గర నేల వదిలి, కాళ్లు చాపి, బంతిని పైకెత్తి గాల్లో ఈదుతున్నట్టు ఉండే ఆ ఫొటో. బోర్డు నుంచి ఆ గీతకు పదిహేను అడుగులు. అద్భుతమే, కాదనను. అయితే ఆ లైన్ నుంచి ఎగరడం కొత్త కాదు, 1976లో డెన్వర్‌లో జూలియస్ ఎర్వింగ్ అప్పటికే చేసి చూపించాడు. పైగా ఆ 1988 పోటీ జరిగింది జోర్డాన్ సొంత జట్టు కోర్టులో, షికాగోలో. ఫైనల్‌లో డొమినిక్ విల్కిన్స్ మొదటి రెండు డంక్‌లకూ 50కి 50 తెచ్చుకున్నాడు. మూడోసారి రెండు చేతులతో గుండ్రంగా తిప్పి విండ్‌మిల్ కొడితే జడ్జీలు ఇచ్చింది 45. జోర్డాన్ గెలవాలంటే 49 కావాలి, 50 ఇచ్చారు. మొత్తం 147, 145. ఆ వీడియో ఇప్పుడు చూసినా ఆ 45 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అంతుపట్టదు.

మ్యాచ్‌లలో జోర్డాన్‌ను తక్కువ చేయలేం. 1987లో యూటాలో జాన్ స్టాక్‌టన్ మీదుగా డంక్ చేస్తే, కోర్టు పక్కన కూర్చున్న మనిషి ‘నీ సైజు వాడి మీద చూపించు’ అని అరిచాడట. కాసేపటికే ఆరడుగుల పదకొండు అంగుళాల మెల్ టర్పిన్ మీదుగా కొట్టి, ‘ఈ సైజు చాలా?’ అని అడిగాడట జోర్డాన్. ఇంత పొగరు ఆటకు అందమే. కానీ ఆరు చాంపియన్‌షిప్‌లు గెలిచిన మనిషి కాబట్టి డంక్‌లోనూ ఆయనే మొదటివాడు అనేయడం, తల్లి వంట బాగుంటుంది కాబట్టి పాట కూడా బాగా పాడుతుంది అన్నట్టే. నా వరసలో జోర్డాన్ మూడోవాడు.

డొమినిక్‌ను ముందు పెట్టడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. జోర్డాన్ ఎక్కువగా ఒంటికాలితో ఎగురుతాడు. అలా ఎగరాలంటే పరుగు కావాలి, ముందు ఖాళీ కావాలి. డొమినిక్‌ది రెండు కాళ్ల ఎగురు. రింగు కింద ముగ్గురు గుమిగూడి ఉన్నా, ఒక్క అడుగు వేసి, రెండు పాదాలూ నేలకు తన్ని లేస్తాడు. పైకి వెళ్లాక ఎవరైనా తగిలినా ఒళ్లు తూలదు. మ్యాచ్ తర్వాత మ్యాచ్, ఏళ్ల తరబడి, అదే కోపంతో కొట్టాడు. 1985లో పోటీలో జోర్డాన్‌నే ఓడించాడు, 1990లో మళ్లీ గెలిచాడు. మధ్యలో 1986లో తన జట్టువాడే, అయిదున్నర అడుగుల పైచిలుకు స్పడ్ వెబ్ చేతిలో ఓడిపోయాడనుకోండి, అది వేరే కథ.

ఈ రెండు రకాల ఎగురూ ఒక్కడిలోనే ఉంటే? అతనే విన్స్ కార్టర్.

1998లో డంక్ పోటీ పెట్టనే లేదు, జనానికి విసుగొచ్చిందని. మరుసటి ఏడాది లాకౌట్ (జట్ల యజమానులకూ ఆటగాళ్లకూ గొడవై ఆట ఆగిపోవడం) వల్ల ఆల్‌స్టార్ వేడుకే లేదు. 2000 ఫిబ్రవరిలో ఓక్లాండ్‌లో మళ్లీ మొదలెడితే, కార్టర్ మొదటి డంక్‌తోనే ఆట ముగించేశాడు: గాల్లో ఒక చుట్టు పూర్తిగా తిరుగుతూ విండ్‌మిల్, అదీ మామూలుగా అందరూ తిరిగే వైపుకు ఎదురు దిశలో. తర్వాత జట్టువాడు ట్రేసీ మెక్‌గ్రేడీ నేలకు కొట్టి అందించిన బంతిని కాళ్ల మధ్య నుంచి తీశాడు. ఆ పైన మోచెయ్యి దాకా చేతిని రింగులోకి దించి అలాగే వేలాడాడు. జనానికి ఒక్క క్షణం ఏం జరిగిందో అర్థం కాలేదు. రీప్లే చూశాక గోల. ఆ ఒక్కసారి తప్ప ఆయన మళ్లీ పోటీలో దిగలేదు.

అదే ఏడాది సెప్టెంబరులో, సిడ్నీ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో మ్యాచ్. బంతి మధ్యలో లాక్కుని రింగు వైపు వచ్చాడు. ఎదురుగా ఫ్రెడెరిక్ వైస్, ఏడడుగుల రెండంగుళాలు. కార్టర్ ఆరడుగుల ఆరంగుళాలు. పక్కకు తప్పుకోకుండా, ఆ మనిషి తల మీదుగానే కాళ్లు చాపి దాటి డంక్ కొట్టాడు. ఫ్రెంచ్ పత్రికలు దానికి ‘మృత్యు డంక్’ అని పేరు పెట్టాయి.

డొమినిక్ అభిమానులు ఇక్కడే పట్టుకుంటారు: అది ఎన్‌బీఏ మ్యాచ్ కాదు, వైస్ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు అని. నిజమే. అయితే 2005లో న్యూజెర్సీ తరఫున ఆడుతూ కార్టర్ ఎవరి మీదుగా కొట్టాడో చూడండి: అలోంజో మోర్నింగ్. రెండుసార్లు లీగ్‌లో ఉత్తమ డిఫెండర్ అవార్డు తీసుకున్నవాడు, బ్లాక్ చేయడమే వృత్తిగా బతికినవాడు. ఆయన ఆపాలనే లేచాడు, ఆపలేకపోయాడు.