లేన్ సముద్రం, హోమర్ సముద్రం
అమెరికన్ చిత్రకారులు ఫిట్జ్ హెన్రీ లేన్ (1804–1865), విన్స్‌లో హోమర్ (1836–1910) ఇద్దరూ బోస్టన్ లితోగ్రఫీ (రాతిపలకపై గీసి అచ్చువేసే పద్ధతి) ముద్రణశాలల్లోనే పని నేర్చుకున్నా, వారు చూపిన సముద్రాలు పూర్తిగా వేరు. బాల్యంలోనే కాళ్ల పటుత్వం కోల్పోయి ఊతకర్రలతో నడిచిన లేన్, సొంత ఊరైన గ్లోస్టర్ రేవు ఒడ్డున రాతి ఇల్లు కట్టుకుని, ఓడల తాళ్లనూ తెరచాపలనూ అత్యంత కచ్చితంగా గీస్తూ, వాటి చుట్టూ కుంచె జాడ కనబడనంత నునుపైన కాంతిని పరిచారు.

హోమర్‌కు ప్రకృతితో తలపడే మనిషి ముఖ్యం. ఇంగ్లండులోని కల్లర్‌కోట్స్‌లో 1881–82లో బెస్తల జీవితాన్ని దగ్గరగా చూసిన ఆయన, తరువాత మెయిన్ రాష్ట్రంలోని ప్రౌట్స్ నెక్‌లో స్థిరపడి, 1885లో ‘పొగమంచు హెచ్చరిక’ చిత్రించారు. అందులో చిన్న పడవలోని జాలరి, పట్టిన పెద్ద చేపల బరువుతో, మంచు కమ్మేలోగా దూరపు ఓడను చేరుకోవాలి.

సముద్రపు ప్రమాదం తెలియాలంటే హోమర్‌నే చూడాలి. అయినా, ఏ సంఘటనా లేకుండా కేవలం నీటితో, వెలుగుతో చూపరిని నిలబెట్టగలిగిన లేన్ వైపే నేను మొగ్గుతాను.