ధవళేశ్వరం వన్ డే టూర్: కాటన్ దొర మిలటరీ జీవితం ఊసే లేదు

పోయిన నెలలో మా నాన్నని తీసుకుని రాజమండ్రి నుంచి ధవళేశ్వరం వన్ డే టూర్‌కి వెళ్లాను. ట్రావెల్స్ వాళ్ల పేరు రాయను, చిన్న సంస్థ. మనిషికి 900 రూపాయలు, కారు, గైడు, మధ్యాహ్నం భోజనం అందులోనే. నాన్న కోనసీమ రైతు. యాభై ఏళ్లు కాలవ నీళ్ల మీదే వరి పండించారు. మా ఇంట్లో గోదావరి మీద ఆనకట్ట కట్టించిన కాటన్ దొర ఫొటో దేవుడి పటాల పక్కనే ఉంటుంది, అందుకని చాలా ఆశ పెట్టుకునే బయల్దేరాం.

కారు శుభ్రంగా ఉంది, డ్రైవర్ చెప్పిన టైముకి వచ్చాడు, పెద్దాయన ఎక్కి దిగేటప్పుడు చెయ్యి పట్టుకున్నాడు. ముద్దపప్పు, గోంగూర, పెరుగుతో భోజనం ఇంట్లో తిన్నట్టే ఉంది. వీటిలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఇబ్బందల్లా గైడుతోనే. కుర్రాడు మంచివాడే, నాన్నని "బాబాయిగారండీ" అంటూ ఎంతో మర్యాదగా మాట్లాడాడు. కానీ చెప్పిందంతా నాలుగే ముక్కలు: దొర వచ్చాడు, కరువు చూశాడు, ఆనకట్ట కట్టాడు, జనం దణ్ణం పెట్టుకున్నారు. ఇది మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అసలు ఆ మనిషి ఎవరు, ఎక్కడి నుంచి వచ్చాడు, ఇక్కడికి రాకముందు ఏం చేశాడు అన్నది ఒక్క ముక్క లేదు.

కాటన్ మిలటరీ మనిషి. 1803లో పుట్టి, పదిహేనేళ్లకే ఈస్టిండియా కంపెనీ వాళ్ల ఆడిస్కోంబ్ మిలటరీ స్కూల్లో చేరాడు. అక్కణ్నుంచి 1821లో మద్రాసు వచ్చి మద్రాస్ ఇంజినీర్స్‌లో పని మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో కంపెనీకి చెరువు పనైనా, రోడ్డు పనైనా చాలావరకు చేసేది ఈ యూనిఫాం వేసుకున్న ఇంజినీర్లే. మొదట చెరువుల శాఖలో అసిస్టెంటు, తర్వాత 1824లో బర్మా యుద్ధం మొదలైతే అక్కడికి వెళ్లాడు. ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు యుద్ధానికి వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ నీళ్ల పనిలోనే పడ్డాడు చూడండి, నాకు ఆ మనిషి మీద గౌరవం అక్కడే మొదలవుతుంది. పక్కనే నిలబడి ఈ మాట చెప్పే గైడు ఉంటే ధవళేశ్వరంలో గుర్రం మీదున్న ఆయన విగ్రహం ఇంకోలా కనిపిస్తుంది కదా!

తర్వాత కావేరి. 1836 ప్రాంతంలో కావేరి పాయ కొళ్లిడం మీద ఆనకట్టలు కట్టాడు. లోతు తెలియని ఇసకలో పునాది ఎలా నిలబెట్టాలో మన పాత కట్టడాలు చూసే నేర్చుకున్నామని ఆయనే ఒప్పుకున్నాడు. వందల ఏళ్ల కిందట చోళులు కావేరి మీద కట్టిన రాతి ఆనకట్ట కల్లణై ఆయనకి పాఠం చెప్పిన బడి అన్నమాట. గోదావరి కూడా ఇసక నదే. ఆ అనుభవం లేకుండా ఇక్కడ పని ఎలా నిలిచేది? ఈ ఒక్క సంగతి చెబితే చాలు, వచ్చినవాళ్లకి ఆనకట్ట అర్థమైపోతుంది. గైడు నోట కావేరి పేరే రాలేదు.

1833 గుంటూరు కరువు, 1839లో కోరింగ దగ్గర వచ్చిన తుఫాను ఉప్పెన, ఈ దెబ్బలకి డెల్టా చితికిపోయి ఉంది. గోదావరి మీద ఆనకట్ట కట్టాలని 1844లో కాటన్ రిపోర్టు ఇస్తే 1847లో పని మొదలైంది. మధ్యలో ఆరోగ్యం చెడి 1848లో ఆస్ట్రేలియా వెళ్లాల్సి వచ్చింది. అప్పుడు పని చూసింది కెప్టెన్ ఓర్, ఆయనా మిలటరీయే. 1850లో కాటన్ తిరిగొచ్చాడు, 1852కి ఆనకట్ట పూర్తయింది. నాన్న మాత్రం ఇంకో మనిషి గురించి అడిగారు. "వీణెం వీరన్నగారి సంగతి చెప్పు బాబూ" అని. కూలీలని సమకూర్చి, పని దగ్గరుండి నడిపించిన మన తెలుగాయన. గైడుకి ఆ పేరు తెలియలేదు. నాన్న మొహం చూస్తే నాకు బాధేసింది.

కాటన్ మ్యూజియంలో మాకు ఇచ్చింది ముప్పావు గంట. అక్కడ నమూనాలు, పాత ఫొటోలు చూస్తూ నాన్న లాకు (కాలవలో పడవల్ని ఎక్కించి దించే తలుపుల కట్టడం) నమూనా దగ్గర ఆగిపోయారు. కళ్లద్దాలు పైకి తోసుకుని, వంగి, తలుపు ఎటు తిరుగుతుందో, నీళ్లు ఎటునించి ఎటు దిగుతాయో వేలితో గాల్లో గీస్తూ నాకు చెప్పారు. చిన్నప్పుడు పడవలో లాకు దాటిన రోజులు గుర్తొచ్చాయట. ఈలోగా "టైమైంది సార్" అన్నారు. ఆ ముప్పావు గంటని రెండు గంటలు చేయండి, దయచేసి.

బ్యారేజీ మీద మాత్రం తొందరపెట్టలేదు. ఇప్పుడు మనం చూసేది కాటన్ కట్టింది కాదు, దాని తర్వాత కట్టిన కొత్త బ్యారేజీ, పేరే ఆయనది. ఇది కూడా నేనే నాన్నకి చెప్పాను.

కాటన్ 1860లో రిటైరై ఇంగ్లండు వెళ్లిపోయి, జనరల్ హోదా కూడా అందుకుని, 1899లో తొంభై ఆరేళ్లకి పోయాడు. ఇక్కడ రేవుల్లో పురోహితులు సంకల్పంలో ఇప్పటికీ ఆయన పేరు చెబుతారు.

కారుకీ భోజనానికీ ఐదుకి ఐదు, గైడు చెప్పినదానికి రెండు. వెళ్లేవాళ్లు బుక్ చేసేటప్పుడే మ్యూజియంకి రెండు గంటలు కావాలని అడిగి ఒప్పించుకోండి. పెద్దవాళ్లుంటే పొద్దున్నే బయల్దేరండి, పదకొండు దాటితే బ్యారేజీ మీద ఎండకి నిలబడలేరు.