పాట్స్‌విల్ యింగ్లింగ్ బ్రూవరీ టూర్: ఆ గుహల కోసమైనా వెళ్లండి

పెన్సిల్వేనియా బొగ్గుగనుల మధ్య చిన్న ఊరు పాట్స్‌విల్. 1829లో ఇక్కడ మొదలైన యింగ్లింగ్, అమెరికాలో ఇంకా నడుస్తున్న బ్రూవరీల్లో (బీరు తయారుచేసే కర్మాగారాల్లో) అన్నిటికన్నా పాతది. 1831లో కాలిపోయాక మహన్‌టాంగో వీధికి మారింది. వీధి నిటారు ఎక్కుడు, లోపల మెట్లు బోలెడు. చెప్పులు, హీల్స్ పనికిరావు, మూసి ఉన్న బూట్లతోనే వెళ్లండి.

టూర్‌కి ప్రాణం కొండలోకి చేత్తో తొలిచిన గుహలే. ఫ్రిజ్‌లు రాకముందు బీరును చల్లగా దాచింది ఇక్కడే. మద్యనిషేధంలో అధికారులు ఈ గుహలను మూయించడానికి కట్టించిన ఇటుక గోడ తాలూకు ముక్క ఇంకా కనిపిస్తుంది. దాని ముందు కాసేపు ఆగి చూడండి.

1920 నుంచి 1933 దాకా సాగిన ఆ నిషేధంలో నిలబడటానికి వీళ్లు 0.5 శాతం లోపు ఆల్కహాల్ ఉన్న 'నియర్ బీర్' అమ్మారు, ఎదురుగానే డెయిరీ పెట్టి ఐస్‌క్రీమ్ కూడా చేశారు. నియర్ బీర్‌తో చిక్కేమిటంటే, పులిసిన బీరును వేడిచేసి ఆల్కహాల్ తీసేస్తే హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) వాసన కూడా ఆవిరితో పోతుంది, చివరికి ఉడికిన మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రుచి మిగులుతుంది. అందుకే మన లెక్కలో ఊరి బ్రూవరీని బతికించిన తెలివైన పని ఐస్‌క్రీమే.

1933 ఏప్రిల్‌లో బరువు లెక్కన 3.2 శాతం ఆల్కహాల్ ఉన్న బీరుకు అనుమతి వచ్చింది. వీళ్లు 'విన్నర్ బీర్' తెచ్చి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి కూడా పంపారు.

1888 నాటి రంగుటద్దాల పైకప్పును తలెత్తి చూడటం మరవద్దు. రుచి చూడాలంటే 21 ఏళ్లు నిండాలి, గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. లాగర్ రకం బీరు ఎక్కడైనా దొరుకుతుంది, ఇక్కడ మాత్రం పోర్టర్ అనే ముదురు రంగు బీరు అడగండి.