డెస్క్‌టాప్ మీద ‘ఇటీవలి ఫైళ్లు’ చూపించే ఆ ప్యానెల్ కొనబోతున్నవారికి హెచ్చరిక

డీటీపీ పని (కంప్యూటర్‌లో టైపు చేసి అచ్చుకు పేజీలు తయారుచేయడం) చేసుకునేవారి కంప్యూటర్లలో తెరకు కుడిపక్కన కనిపించే ఆ నీలిరంగు ప్యానెల్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరు అమ్ముతున్నారో మీకు తెలిసే ఉంటుంది. దయచేసి దాన్ని కొనకండి. ఇప్పటికే కొన్నవారు ఈ రాత్రికే తీసివేయండి. ఈ ఉదయం వారి ప్రతినిధి ఫోనులో మాట్లాడిన తీరుకు వచ్చిన కోపం నాకింకా చల్లారలేదు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగియడంతో మా షాపులోని సిస్టమ్‌ను 11కి మార్చాము. పాతదానిలో పనుల ఫోల్డర్‌ను టూల్‌బార్‌గా టాస్క్‌బార్ (తెర అడుగున చిహ్నాలు ఉండే పట్టీ) మీదే పెట్టుకునే వీలుండేది. 11లో అది లేదు. ఆ లోటు తీరుస్తుందని చెప్పి అమ్ముతున్నది ఈ ప్యానెల్. ఇటీవల తెరిచిన ఫైళ్లు, తరచూ వాడే ప్రోగ్రాములు అన్నీ ఒకే చోట చూపిస్తుంది కాబట్టి చందా కట్టి తీసుకున్నాము.

ఈ ఉదయం తెరిచేసరికి ప్యానెల్ ఖాళీగా ఉంది. చందా గడువు ముగిసిందని, కడితేనే జాబితా కనిపిస్తుందని ఒక్క వాక్యం మాత్రం ఉంది. సరే, విండోస్ సొంత జాబితా ఉంటుంది కదా అని టాస్క్‌బార్‌లోని చిహ్నాల మీద కుడి క్లిక్ చేస్తే అక్కడా ఏమీ లేదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఇటీవలి ఫైళ్లు ఉండే చోటూ ఖాళీయే. కారణం వెతికితే తెలిసింది: తన జాబితా ఒక్కటే మనకు దిక్కయ్యేలా, ఇన్‌స్టాల్ అయిన రోజునే ఈ ప్యానెల్ విండోస్‌లో ఇటీవలి ఫైళ్లను చూపించే సెట్టింగును మమ్మల్ని అడగకుండా ఆపివేసింది. ఆ సెట్టింగును ఆపితే విండోస్ తన దగ్గరున్న పాత జాబితాను తుడిచివేస్తుంది. తిరిగి ఆన్ చేసినా అప్పటినుంచి తెరిచినవే చేరతాయి తప్ప పాతవి రావు. పేజీలు కూర్చే ప్రోగ్రాము ఇన్‌డిజైన్‌కు దాని సొంత జాబితా ఉంది గనుక ఆ పని కొంత సాగింది. స్కాన్ చేసిన పాత దస్తావేజులు, కస్టమర్లు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు, ప్రూఫుల పీడీఎఫ్‌లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో వెతకడానికి మాత్రం, పెళ్లిపత్రిక కోసం వచ్చినవారిని కూర్చోబెట్టి, మార్చిన తేదీల వరుసలో ఫోల్డర్లన్నీ గాలించవలసి వచ్చింది.

ఇంతవరకైతే డబ్బు గుంజే పద్ధతి అని ఊరుకునేవాడిని. వారి సహాయకేంద్రానికి ఫోన్ చేసినప్పుడు జరిగినది వేరు. మా సెట్టింగును మీరెందుకు మార్చారని అడిగితే ఆ ప్రతినిధి దానికి జవాబివ్వకుండా, “మీ జాబితా ఎక్కడికీ పోలేదండీ, మా దగ్గర భద్రంగా ఉంది, కావాలంటే చదువుతాను వినండి” అన్నాడు. అని, నేను వద్దనేలోపే చదవడం మొదలుపెట్టాడు. ఒక పెద్దాయన రాయించుకున్న వీలునామా చిత్తుప్రతి, ఆయన ఇంటిపేరుతో సహా. ఒక ప్రైవేటు పాఠశాల మాకు టైపింగుకు ఇచ్చిన పరీక్షల ప్రశ్నపత్రం, తరగతి, సబ్జెక్టు పేర్లతో సహా. ఆ పాఠశాల వారు ఆ పనిని మా కుర్రవాళ్లకు కూడా చూపించవద్దని చెప్పి నా చేతికి ఇచ్చారు. ఎక్కడో కూర్చున్న, నేనెన్నడూ చూడని మనిషి ఆ పేర్లను కూరగాయల పట్టీలా చదువుతూ, మధ్యలో ఆగి, “చూశారా, అన్నీ ఉన్నాయి, ఇప్పుడే కట్టేస్తే రెండు నిమిషాల్లో మీ తెరమీదికి వస్తాయి” అన్నాడు. మా ఫైళ్ల పేర్లు మీ సర్వర్‌కు ఎందుకు చేరాయని అడిగాను. “ఫైళ్లు కాదు కదండీ, పేర్లే కదా” అని నవ్వి ఫోన్ పెట్టేశాడు.

పేర్లే కదా! మాలాంటి షాపుల్లో ఫైలు పేరులోనే కస్టమర్ పేరు, పని, తేదీ అన్నీ ఉంటాయి. ఎవరు వీలునామా రాయిస్తున్నారో, ఎవరి స్థలం అమ్మకానికి ఉందో, ఏ పాఠశాల ప్రశ్నపత్రం ఏ రోజు తయారైందో ఫైలు తెరవకుండానే తెలిసిపోతుంది. మమ్మల్ని నమ్మి కాగితాలు ఇచ్చినవారి సంగతులు అవి. వాటిని బేరానికి పెట్టే హక్కు ఆ సంస్థకు ఎవరూ ఇవ్వలేదు. ఆ పెద్దాయనకూ పాఠశాలకూ ఈ మధ్యాహ్నమే విషయం చెప్పాను. ప్రశ్నపత్రం మారుస్తామని పాఠశాల వారు అన్నారు. పెద్దాయన మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను.

ఈ సౌకర్యం కోసం అసలు డబ్బు పెట్టనవసరం లేదు. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచే, టాస్క్‌బార్ చిహ్నం మీద కుడి క్లిక్ చేస్తే ఆ ప్రోగ్రాములో ఇటీవల తెరిచిన ఫైళ్లు కనిపిస్తాయి, కావలసినదాన్ని అక్కడే పిన్ చేసుకోవచ్చు. విండోస్ మీటతో పాటు 1, 2, 3 అంకెలు నొక్కితే టాస్క్‌బార్‌లో ఆ వరుసలో ఉన్న ప్రోగ్రాములు తెరుచుకుంటాయి. ప్యానెల్‌ను తీసివేసినవారు సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో స్టార్ట్ పేజీకి వెళ్లి, ఇటీవలి ఫైళ్లను చూపించే స్విచ్‌ను స్వయంగా ఆన్ చేసుకోండి. ప్యానెల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేశాక కూడా మా సిస్టమ్‌లో అది ఆఫ్‌లోనే ఉండిపోయింది.